లొల్ల లాకుల దగ్గర తట్టల లెక్క

మా వైపు 'లాకు' అన్న మాట లేదు. రామతీర్థం చుట్టుపక్కల నీటికి ఉన్న మాటలు చెరువు, గెడ్డ, మదుము, నుయ్యి. గురుభక్తులకొండ మీద బౌద్ధులు ఉన్న రోజుల నుంచీ ఇవాళ్టి దాకా మాది వాన పడినప్పుడు నీళ్లు ఆపుకుని తర్వాత పొదుపుగా వాడుకునే నేల. ఏడాదిలో ఇన్ని నెలలు కాలువ నిండుగా పారుతుందని, ఆ కాలువ మీద పడవలు పోతాయని, పడవ కోసం తలుపులు తెరిచి మూస్తారని మా ఊళ్లో చెబితే ఒకప్పుడు కథ చెబుతున్నావనేవారు.

ఆ మాట మా ఇంటికి తెచ్చింది మా మామ్మ. 1960లలో ఊడ్పులకీ కోతలకీ గోదావరి వైపు వెళ్లే ఆడవాళ్ల జట్టులో ఆమె ఉండేది. నెల్లిమర్ల, గుర్ల, చీపురుపల్లి వైపుల నుంచి పది పదిహేను మంది కలిసి వెళ్లేవారు. రైలు దిగాక కాలువలో పడవ. "లాకుల కాడ పడవ ఆగీది. తలుపులు తీసీదాకా గట్టు మీదకి దిగి గంజి కాసుకునీవోళ్లం" అని చెప్పేది. మామ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. అవి ఏ లాకులో ఆమె చెప్పలేదు. గోదావరి డెల్టాలో లాకులు ఒకటా రెండా? లొల్ల కావచ్చు, మరొకటి కావచ్చు. ఈ మధ్య మా అమ్మని వెంటబెట్టుకుని లొల్ల లాకులు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ గట్టు ఇదేనని తేల్చుకుందామన్న ఉద్దేశం నాకు లేదు. ఆ కాలువల చరిత్ర ఎంత చదివినా మామ్మ లాంటి వాళ్లు ఒక్క వాక్యంలోనైనా కనపడకపోవడం ఎందుకో అక్కడ నిలబడి ఆలోచించాలనిపించింది.

ముందు లాకు ఎలా పనిచేస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ కాలువ గట్టున పుట్టి పెరిగిన పిల్లలకు కూడా అది సినిమా షూటింగుల చోటుగానే తెలుసు. డెల్టా నేల సముద్రం వైపు కొద్దికొద్దిగా దిగుతూ పోతుంది. కాలువను ఒకే వాలులో తవ్వితే నీళ్ల వడి గట్లను కోసేస్తుంది, పడవ ఎదురెక్కలేదు. అందుకని మెట్లు మెట్లుగా దించుతారు. మెట్టు ఉన్నచోట నీళ్లను ఆపి, కావలసినంతే వదలడానికి షట్టర్లు ఒక పక్కన ఉంటాయి. ఇంకో పక్కన పడవ కోసం రాతి గోడల మధ్య ఒక గది. గదికి పైన ఒక జత తలుపులు, కింద ఒక జత. కింది నుంచి వచ్చే పడవ గదిలోకి దూరాక వెనక తలుపులు మూసి, పై నీళ్లను చిన్న తూముల గుండా గదిలోకి వదులుతారు. నీటితో పాటు పడవ లేస్తుంది. రెండు మట్టాలూ సమానమయ్యాక పై తలుపులు తెరుస్తారు. దిగే పడవకి ఇదే తిరగేసి. తలుపులు రెండూ ఎగువ వైపుకి కోణంగా కలుసుకుంటాయి కాబట్టి నీళ్లు ఎంత నెడితే అంత బిగుసుకుంటాయి. ఈ రెండు తలుపుల గది పద్ధతి చైనాలో క్రీ.శ. 984లో, గ్రాండ్ కెనాల్ మీద చావో వేయ్‌యుయే అనే అధికారి కట్టించినట్టు రికార్డులున్నాయి. ధాన్యం పడవలు మెట్టు దిగేటప్పుడు పగిలిపోవడం, ఆ గందరగోళంలో ధాన్యం దోచుకుపోవడం ఆపడానికట. పన్ను ధాన్యం క్షేమంగా చేరడం ఏ రాజ్యానికైనా ముఖ్యమే మరి.

గోదావరికి వస్తే కథ అందరికీ తెలిసిందే. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగి తుపాను. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. శిస్తు పడిపోయింది. కంపెనీ ప్రభుత్వాన్ని కదిలించింది వీటిలో ఏదన్న ప్రశ్నకి జవాబు ఊహించుకోవడం కష్టం కాదు. ఆర్థర్ కాటన్ నివేదికలు పంపడం, 1846 చివర అనుమతి రావడం, 1847లో ధవళేశ్వరంలో పని మొదలవడం, 1852లో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కల ఆనకట్ట పూర్తవడం, తర్వాత కాలువలు. కాటన్‌కి సాగునీరు ఎంత ముఖ్యమో పడవల దారి అంత ముఖ్యం. రైళ్ల కన్నా కాలువలే ఈ దేశానికి చవకని ఆయన జీవితమంతా వాదించాడు, ఓడిపోయాడు. రైళ్లే గెలిచాయి, తర్వాత లారీలు, బస్సులు. ఆ వాదన ఓడిపోయిన చోట మిగిలినవే ఈ లాకులు.

ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడ బయల్దేరే మధ్య డెల్టా కాలువ పక్కనే ఆత్రేయపురం వైపు వెళ్లాం. పాత ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలై తర్వాతి దశాబ్దంలో పూర్తయిన బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. 175 గేట్లు. మా అమ్మ బస్సు కిటికీలోంచి ఆ గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర వదిలేసింది. దారి పొడవునా గుర్రం మీద కాటన్, నిలబడ్డ కాటన్, సిమెంటు కాటన్, రంగులేసిన కాటన్. గోదావరి వాళ్లు స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవారని అంటారు. ఆ కృతజ్ఞతని వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. అన్నం దొరికిన వాళ్ల కృతజ్ఞత అది. ఆయన పక్కన వీణెం వీరన్న పేరు కూడా ఇప్పుడు చెప్పుకుంటున్నాం. కూలీలను సమకూర్చి, పని నడిపించిన తెలుగువాడు. మంచిదే. ఆ తర్వాత మాత్రం పేర్లు ఆగిపోయి అంకెలు మొదలవుతాయి. పదివేల మంది కూలీలు, ఐదు వందల మంది వడ్రంగులు, ఐదు వందల మంది కమ్మరులు. ప్రతి పుస్తకంలో, ప్రతి వ్యాసంలో, ప్రతి జయంతి సభలో ఇదే లెక్క. వడ్రంగి మగవాడు, కమ్మరి మగవాడు. ఆ పదివేలలో ఆడవాళ్లెందరో ఆ లెక్క చెప్పదు.

ఆడవాళ్లు లేరని ఎవరైనా అనగలరా? మట్టిపని తెలిసిన వాళ్లెవరూ అనరు. మన దగ్గర చెరువులూ కాలువలూ తవ్వింది ఒడ్డెర్లు, ఉప్పర్లు, వాళ్లతో పాటు కరువులో కూలికి వచ్చిన రకరకాల కులాల వాళ్లు. ఆ పనిలో మగవాడు గడ్డపార, పలుగు పట్టి తవ్వుతాడు, ఆడది తట్ట ఎత్తుకుని గట్టు ఎక్కుతుంది. తవ్వడం ఎంతో మోయడం అంత. ఒకటి లేకుండా రెండోది లేదు. మరి కాగితం మీదకి ఒకటే ఎందుకొచ్చింది?

నాకు దొరికిన జవాబు కొలతలో ఉంది. మట్టిపనికి కూలి గుంటని బట్టి. పొడవు, వెడల్పు, లోతు కొలిచి, వంద ఘనపుటడుగులకు ఇంత అని కడతారు. తవ్వకముందు నేల మట్టం ఎంతుందో రుజువుగా గుంట మధ్యలో ఒక మట్టి దిబ్బ వదిలేస్తారు, కొలతలయ్యాక దాన్నీ తీసేస్తారు. మోత దూరానికి 'లీడు' అని, ఎత్తుకి 'లిఫ్టు' అని కొంత కలుపుతారు. అది మనిషి కోసం కాదు, మట్టి కోసం. మట్టి ఎంత దూరం వెళ్లిందన్నది లెక్క, ఎవరి నెత్తి మీద వెళ్లిందన్నది కాదు. డబ్బు మేస్త్రీ చేతికి, అతని చేతి నుంచి ఇంటి మగవాడికి. దాన్ని 'జత కూలి' అనేవారు. జతలో రెండో మనిషి పేరు రాయాల్సిన అవసరం ఏ గుమాస్తాకీ రాలేదు.

లొల్ల లాకుల గోడ పక్కన కూర్చుని నేనూ అమ్మా ఒక లెక్క వేశాం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు గుంట అంటే వంద ఘనపుటడుగులు. నాలుగున్నర టన్నుల మట్టి. తట్టకి ఇరవై కిలోలు అనుకుంటే (అమ్మ ఇంకా ఎక్కువే అంటుంది, తడిమట్టి అయితే మరీ) రెండు వందల పాతిక తట్టలు. గట్టు యాభై మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోను యాభై, రాను యాభై. మొత్తం ఇరవై రెండు కిలోమీటర్ల పైన నడక, అందులో సగం నెత్తిన బరువుతో, ఎక్కువ భాగం ఎగువకి. అది ఒక్క అడుగు లోతుకి. అమ్మ కాలువ వైపు చూసి, "ఇది తవ్విందానికి ఎంతమంది నెత్తులు అరిగిపోనాయో" అంది. మా అమ్మకి నెత్తి మీద మధ్యలో రూపాయి బిళ్లంత మేర జుట్టు పలచన. చుట్టకుదురు పెట్టుకునే చోటు.

ఆ లాకుల దగ్గర ఇప్పుడు పడవలు దాటడం లేదు. రాతి గోడలు, తలుపులు ఆనుకునే గాడులు, వాటి మీద నాచు. నడుస్తున్నది నీళ్లు పంచే పని. లొల్ల దగ్గర కాలువ చీలి కోనసీమలోకి వేర్వేరు దారుల్లో వెళుతుంది. ఏ కాలువకి ఎంత అన్నది ఇక్కడి షట్టర్లు నిర్ణయిస్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఖరీఫ్‌కి మళ్లీ వదులుతారు. మేం వెళ్లినప్పుడు నీళ్లు నిండుగా ఉన్నాయి. షట్టరు కింద నుంచి పడే నీళ్ల హోరులో మాట వినపడక దగ్గరికి వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. అక్కడున్న లస్కరు పెద్దాయన. షట్టరు తిప్పే చక్రం చూపించి, "పైనుంచి ఆర్డరొస్తే ఇన్ని అంగుళాలు లేపుతామండి, మట్టం రాసుకుంటామండి, అంతేనండి" అన్నాడు. ఈ ఉద్యోగంలో ఆడవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను. నవ్వి, "లేరండి ఆయ్. రాత్రిళ్లు కూడా ఉండాలి కదండీ" అన్నాడు. మా అమ్మ ఊరుకోలేదు. "రాత్రిళ్లు నీరు మళ్లించుకోటానికి మేం ఎల్లమేటి బాబూ?" అంది. ఆయన దానికీ నవ్వాడు. కోపంగా కాదు.

పక్క ఊరు ఆత్రేయపురంలో ఇంటింటా ఆడవాళ్లు కుండ మీద పూతరేకులు తీస్తుంటారు. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాత్రిళ్లు ఉండాల్సిన పనికి ఆడవాళ్లు పనికిరారు గానీ పొద్దస్తమానం పొయ్యి ముందు కూర్చోవాల్సిన పనికి వాళ్లే కావాలి.

కాలువ పడవ మన సాహిత్యంలోకి బాగానే వచ్చింది. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' చదవని తెలుగు కథాభిమాని ఉండరు. రాత్రి, కాలువ, పడవ మీద దొంగతనం చేసే పద్దాలు, అతని కోసం అన్నీ భరించే రంగి. రంగి ప్రేమని ఆశ్చర్యంగా చూసే ఒక చదువుకున్న ప్రయాణికుడి కళ్లతో కథ నడుస్తుంది. కథ గొప్పదే, ఇప్పటికీ వెంటాడుతుంది. కానీ నేను దాన్ని ఎప్పుడు చదివినా రంగి ఓర్పు దగ్గర కాక రంగి పని దగ్గర ఆగిపోతాను. వాడు పోయినా, వచ్చినా, కొట్టినా ఆమె ఎలా బతుకుతోంది? ఏ పని చేసి? మన కథల్లో కాలువ మీద ఆడమనిషి ప్రేమించడానికో, మోసపోవడానికో, అత్తారింటికి వెళ్లడానికో పడవెక్కుతుంది. మా మామ్మలా కూలికి పోతూ లాకు దగ్గర గంజి కాసుకున్న మనిషి అంత సులువుగా కనపడదు.

ఇది మన ఒక్కళ్ల సంగతీ కాదు. ఇంగ్లండ్‌లో రైళ్లతో పోటీ పడలేక కాలువ పడవల వాళ్లు ఇల్లు ఖాళీ చేసి కుటుంబాలతో పడవల్లోనే కాపురం పెట్టారు. భర్త పడవ నడుపుతుంటే భార్య గట్టు మీద దిగి లాకు తలుపులు నెట్టేది, గుర్రాన్ని తోలేది, వండేది, పిల్లల్ని కనేది. జీతం పడవ యజమాని నుంచి భర్తకే. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే అదే కాలువల మీద సరుకు మోయడానికి మధ్యతరగతి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. 'ఇన్లాండ్ వాటర్‌వేస్' అనే మాటలకు పొడి అక్షరాలుగా వాళ్లకిచ్చిన బిళ్ల మీద ఐ, డబ్ల్యూ అని ఉండేది. జనం దాన్ని 'ఐడిల్ విమెన్' అని చదివారు. సోమరి ఆడవాళ్లన్నమాట! రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు టన్నుల బొగ్గు మోసిన వాళ్లకి పెట్టిన పేరది. ఆ పేరునే వాళ్లు తర్వాత గర్వంగా చెప్పుకున్నారు, పుస్తకాలు రాశారు. చదువుకున్న వాళ్లు కాబట్టి రాశారు. వాళ్లకి ముందు తరతరాలుగా అదే తలుపులు నెట్టిన పడవ భార్యల్లో చాలామందికి అక్షరాలు రావు.

ఎవరు రాస్తే వాళ్ల చరిత్ర అనుకుంటే, కాటన్ చరిత్ర రాసింది కూడా ఒక ఆడమనిషే. 1899లో ఆయన పోయాక 1900లో వచ్చిన పెద్ద జీవితచరిత్ర ఆయన కూతురు ఎలిజబెత్ రాసింది, విలియం డిగ్బీ కొన్ని అధ్యాయాలు చేర్చాడు. పుస్తకం మీద ఆమె పేరు లేడీ హోప్. అది భర్త అడ్మిరల్ జేమ్స్ హోప్ నుంచి వచ్చిన పేరు. డార్విన్ చివరి రోజుల్లో మళ్లీ మతం వైపు తిరిగాడన్న కథ 1915లో ప్రచారంలో పెట్టింది కూడా ఈమే. డార్విన్ పిల్లలు అది అబద్ధమన్నారు. ఇంగ్లిషు ప్రపంచం ఆమెను గుర్తుపెట్టుకున్నది ఆ గొడవతో. కాటన్ గురించి మనం చెప్పుకునే చాలా సంగతులకు మూలమైన పుస్తకం కూతురు రాసిందని మన జయంతి సభల్లో నేను వినలేదు. అయితే కలం ఆడమనిషి చేతిలో ఉన్నంత మాత్రాన తట్ట మోసిన ఆడమనిషి పుటలోకి వస్తుందన్న హామీ లేదు. కూతురు తండ్రి కథ రాసింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అది ఎవరి కథో గుర్తుంచుకుని చదవాలి, అంతే.

గోదావరి కాలువల మీద ఒక కట్టడానికి ఆడమనిషి పేరు ఉంది. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని దాటించే అక్విడక్టు. పాతది 49 కమానులతో 1850లలో హేగ్ అనే ఇంజనీరు చేతుల మీదుగా నెలల వ్యవధిలో లేచింది. దాని పక్కనే కట్టిన కొత్త దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలో రేవు దాటే వాళ్లకి, వరదలో చిక్కుకున్న వాళ్లకి వేళాపాళా లేకుండా వండి పెట్టిన మనిషి. 2024లో బడిలో మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఆ పేరు అక్కడ ఉండటం నాకు సంతోషమే. మా మామ్మ లాంటి దారిన పోయే కూలీలకి అన్నం పెట్టిన చెయ్యి అది. నన్ను ఆపేది వేరే ప్రశ్న. నీళ్లు మోసే కట్టడానికి ఆడపేరు పెట్టాలనుకుంటే మనకు గుర్తొచ్చింది వండిన ఆమె. ఆ కాలువకి మట్టి మోసిన వేలమందిలో ఒక్క పేరూ గుర్తు రాలేదు, తెలియదు కాబట్టి. అన్నపూర్ణ అయితేనే కట్టడం మీదకి ఎక్కగలదు.

మోసిన ఆడవాళ్లను అసలు ఎప్పుడూ లెక్కపెట్టలేదని అనలేం. 1876-78 కరువులో మద్రాసులో అడయారునీ కూవంనీ కలుపుతూ బకింగ్‌హాం కాలువ ముక్కను కరువు కూలీలతో తవ్వించారు. కరువు పనుల్లో మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు అని విడివిడిగా లెక్క రాశారు. ఎందుకంటే కూలి విడివిడిగా తగ్గించాలి. ఆడవాళ్లకి తక్కువ, పిల్లలకి మరీ తక్కువ. తక్కువ ఇవ్వడానికి మాత్రమే ప్రభుత్వానికి మన ఉనికి అవసరమైంది.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు ఇంకా బతికి ఉన్నారు, అడిగితే చెప్పారు. కాలువ తవ్విన వాళ్లని అడగలేం. అయితే పనిని అడగవచ్చు. ఆ పని ఇంకా బతికే ఉంది, దాన్ని చేసిన వాళ్లు ఉన్నారు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైన జిల్లాల్లో విజయనగరం ఒకటి. మా చుట్టుపక్కల ఊళ్లలో చెరువు పూడికతీతకి ఎక్కువగా వెళ్లింది ఆడవాళ్లే. మగవాళ్లు విశాఖకో, విజయవాడకో భవనాల పనికి వలస పోతే పలుగూ తట్టా రెండూ వీళ్ల చేతికే వచ్చాయి. మస్టరు రోల్లో ఎవరి పేరు వాళ్లది. మగా ఆడా ఒకే రేటు. మా అమ్మ పేరు ప్రభుత్వ కాగితం మీద కూలి తీసుకునే మనిషిగా ఎక్కింది అప్పుడే, యాభై దగ్గర పడ్డాక. మొదటి మస్టరులో ఆమె పేరు ఉండాల్సిన గడిలో 'ఫలానా వారి భార్య' అని మాత్రం రాశారు. మా నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు. పేరు రాయించుకోవడానికి రెండు వారాలు తిరిగింది.

కొలత మాత్రం పాతదే. సాయంత్రం టేపు పట్టుకుని వచ్చి గుంటనే కొలిచేవారు. గట్టినేల వచ్చిన వారం రోజంతా పనిచేసినా సగం కూలి పడేది. మోసిన దూరం గురించి అడిగితే కాగితంలో ఆ గడి ఉందని చెప్పేవారు, నింపేవారు కాదు. మా అమ్మ ఒకసారి అడుగులు లెక్కపెట్టుకుని వెళ్లి చెప్పిందట, గుంట నుంచి గట్టుకి నూట పది అడుగులని. రాసుకునే కుర్రాడు, "నీ అడుగు ఎంత పొడవో నాకేం తెలుసు మామ్మా" అన్నాడట.

లొల్లలో తిరుగు ప్రయాణానికి లేచేముందు అమ్మ లాకు గది గోడ మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, పెదవులు కదుపుతూ. ఎంతొచ్చిందని అడిగాను. చెప్పింది. పుస్తకం తీసి రాసుకున్నాను. తర్వాత ఆమెని నిలబెట్టి, చీర కుచ్చెళ్లు పైకి పట్టుకోమని, నా కండువా కొస నేలకి ఆనించి ఆమె అడుగు పొడవు కొలిచాను. అదీ పక్కనే రాశాను.